తమ్ముడు పోయాక నా మీద నేను దయ చూపించుకోవాలా?

ప్రశ్న క్లుప్తంగా: అడిగినామెకు 29 ఏళ్లు. ఇల్లు వనస్థలిపురం, ఉద్యోగం మాదాపూర్‌లో. పోయిన దసరాకు చౌటుప్పల్ పక్కన సొంతూరికి వెళ్లి, తమ్ముణ్ణి వెనక ఎక్కించుకుని స్కూటీ మీద తిరిగొస్తుంటే హయత్‌నగర్ ఇంకా రాకముందే టిప్పర్ గుద్దింది. తమ్ముడు అక్కడికక్కడే పోయాడు. ఆమె రాసింది ఇది: "బస్సులో పోదాం అక్కా అన్నాడు, నేనే వినలేదు. ఒక్కటే హెల్మెట్ ఉంటే అది నేను పెట్టుకున్నాను. దెబ్బ తగిలాక 108కి ఫోన్ కూడా చేయలేక రోడ్డు మీద కూర్చుండిపోయాను. ఎనిమిది నెలలైంది. నిద్ర లేదు. ఆ హైవే వైపు పోలేను. హారన్ వింటే ఒళ్లు వణుకుతుంది. వాడికి బిర్యానీ ఇష్టమని నేను తినడం మానేశాను. వాడి బదులు నేను పోయుంటే బాగుండేది అనిపిస్తుంది. కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే 'నీ మీద నువ్వు దయగా ఉండు' అన్నారు. ఒళ్లు మండిపోయింది, మళ్లీ వెళ్లలేదు. వాడు లేకుండా పోతే నేను నా మీద దయ చూపించుకోవాలా? అలా చేస్తే వాణ్ణి మర్చిపోయినట్టు కాదా? అమ్మ నాతో సరిగ్గా మాట్లాడదు. దసరా టైముకి సంవత్సరీకం వస్తుంది."

జవాబు:

అమ్మా, మీరు రాసింది మళ్లీ మళ్లీ చదివాను. హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్ట్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ప్రమాదాల్లోంచి బతికి బయటపడ్డవాళ్లు ఎక్కువ. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట ఒక్క విషయం. "వాడి బదులు నేను పోయుంటే" అనే ఆలోచన మీలాంటి పరిస్థితిలో ఉన్న చాలామందికి వస్తుంది. అది ఆలోచనగానే ఉందా, లేక ఎలా చనిపోవాలి, ఎప్పుడు అని కూడా మనసు వెతుకుతోందా? రెండోది కొంచెం ఉన్నా ఇది చదవడం ఇక్కడే ఆపి, ఇంట్లో ఒకరికి చెప్పండి, 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆగలేని పరిస్థితి అయితే ఎవరినైనా తోడు తీసుకుని దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లిపోండి. మిగతా విషయాలు ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఇక మీ కోపం. ఆ కౌన్సెలర్ చెప్పిన మాటలో తప్పు లేదు. కానీ అది చెప్పే సమయం అది కాదు. తన వల్లే ఒక ప్రాణం పోయిందని నమ్ముతున్న మనిషికి "నీ మీద దయగా ఉండు" అంటే, పోయినవాణ్ణి పక్కన పెట్టి నిన్ను నువ్వు చూసుకో అన్నట్టు వినిపిస్తుంది. కోపం రాకపోతేనే ఆశ్చర్యపోయేదాన్ని. దయ అంటే భయపడే మనుషుల గురించి బ్రిటన్‌కు చెందిన పాల్ గిల్బర్ట్ అనే సైకాలజిస్ట్ చాలా పనిచేశాడు. సిగ్గు, ఆత్మనింద బాగా ఉన్నవాళ్ల కోసమే ఆయన ఒక చికిత్సా పద్ధతిని తయారు చేశాడు. ఆయన గమనించింది ఏమిటంటే, ఎవరికి దయ ఎక్కువ అవసరమో వాళ్లకే అది అన్నిటికంటే ఎక్కువ భయం పుట్టిస్తుంది. అమెరికాలో తన మీద తాను దయగా ఉండడం నేర్పే సైకాలజిస్టులు క్రిస్టోఫర్ గర్మర్, క్రిస్టిన్ నెఫ్ దీనికి ఫైర్ సిబ్బంది వాడే 'బ్యాక్‌డ్రాఫ్ట్' అనే మాటే వాడతారు. తలుపులు మూసిన గదిలో గాలి అయిపోయి నిప్పు అణిగి ఉంటుంది. ఒక్కసారిగా తలుపు తీస్తే గాలి లోపలికి దూసుకెళ్లి మంట భగ్గున బయటికి వస్తుంది. మీకు ఆ రోజు కౌన్సెలర్ గదిలో జరిగింది అదే. మీలో ఏదో లోపం ఉండి అలా జరగలేదు. తలుపు ఒక్కసారిగా తెరిచారు, అంతే. కొంచెం కొంచెంగా తెరవాలి.

ఇప్పుడు హెల్మెట్ సంగతి. దీన్ని దాటేసి ఏం చెప్పినా మీరు వినరని నాకు తెలుసు. "నీ తప్పేం లేదు" అని అందరూ అంటున్నారు. ఆ మాట అన్న ప్రతిసారీ మీరు లోపల ఇంకా ఒంటరి అయిపోతున్నారు. ఎందుకంటే హెల్మెట్ ఒక్కటే ఉందని, అది మీ తల మీదే ఉందని మీకు తెలుసు. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ ఉండాలని చట్టం కూడా చెప్తోంది. కాబట్టి మీ వంతు సున్నా అని నేను అనను. సున్నా అని ఒప్పించడం దయ అనిపించుకోదు. అది మీ నోరు మూయించడం అవుతుంది.

కానీ మీ వంతు ఎంత? ఒక కాగితం మీద పెద్ద గుండ్రం గీయండి. ఆ రోజు జరిగినదానికి కారణాలన్నీ పక్కన రాయండి. టిప్పర్ నడిపిన మనిషి, అతని వేగం, పండగ రద్దీ, ఆ చోట రోడ్డు ఎలా ఉంది, వెలుతురు ఎంత ఉంది, అంత పెద్ద బండి ముందు స్కూటీ ఎంత, బస్సులు ఎంత కిక్కిరిసి ఉన్నాయి, హెల్మెట్. ఒక్కోదానికి ఎంత భాగం ఇవ్వాలో గుండ్రంలో కోసుకుంటూ రండి. మీ పేరు మాత్రం అన్నిటికంటే చివర రాయండి. ఇది కాగ్నిటివ్ థెరపీలో, అంటే ఆలోచనలను పరీక్షించి చూసే చికిత్సలో, చాలాకాలంగా వాడుతున్న పద్ధతి. మొదట్లో గుండ్రం మొత్తం నాదే అని వచ్చినవాళ్లకు చివర్లో మిగిలేది చిన్న ముక్క. ఆ ముక్క నొప్పిగానే ఉంటుంది, ఉండనివ్వండి. అంత ముక్కతో ఒక మనిషి బతకగలడు. మొత్తం గుండ్రంతో బతకలేడు. ఇది ఒంటరిగా చేయడం కష్టమనిపిస్తే థెరపిస్ట్ పక్కన ఉన్నప్పుడే చేయండి.

ఇంకో మాట కూడా ఉంది. మన ఊళ్లో ఏ సిగ్నల్ దగ్గర నిలబడి చూసినా ఒకే హెల్మెట్‌తో ఇద్దరు పోతున్న బళ్లు ఎన్నో కనిపిస్తాయి. అక్కాతమ్ముళ్లు, మొగుడూపెళ్లాలు, పిల్లల్ని ముందు నిలబెట్టుకున్న తండ్రులు. వాళ్లంతా చేసింది మీరు చేసిందే. వాళ్లు ఇళ్లకు చేరారు, మీరు చేరలేదు. జరిగిన నష్టం ఎంత పెద్దదో చూసి, ఆ క్షణంలో చేసిన పొరపాటు కూడా అంతే పెద్దదని మనసు లెక్క కడుతుంది. "బస్సులో పోదాం" అన్న మాటకు కూడా అంతే. ఆ మాట అన్నప్పుడు అది ఒక మామూలు మాట. టిప్పర్ వచ్చాక అది హెచ్చరికలా వినిపిస్తోంది. ఫలితం తెలిశాక, అది ముందే తెలిసి ఉండాల్సింది అనుకోవడం మనిషి మెదడుకు సహజం. ఇంకా లోతుగా చూస్తే, "నా తప్పే" అనుకోవడంలో మనసుకు ఒక ఆసరా కూడా ఉంది. నా తప్పైతే నేను ఆపగలిగేదాన్ని. ఎవరి చేతిలోనూ ఏమీ లేదంటే రేపు అమ్మకు ఏమవుతుందో, ఎవరికి ఏమవుతుందో అన్న భయం భరించలేం. ఆ భయాన్ని తప్పించుకోవడానికే చాలామంది అపరాధ భావాన్ని గట్టిగా పట్టుకుంటారు.

108కి ఫోన్ చేయలేకపోవడం గురించి నేను ఖాయంగా చెప్పగలను. అక్కడ మీరు తీసుకున్న నిర్ణయం ఏదీ లేదు. ప్రాణాపాయం ఎదురైనప్పుడు పోరాడడం, పారిపోవడం ఎలా శరీరం చేసే పనులో, కదలకుండా బిగుసుకుపోవడం కూడా అలాంటిదే. అది మీ ఇష్టంతో జరగదు. చేయి కదలలేదు, గొంతు రాలేదు. దానికి ప్రేమ తక్కువై అలా అయిందన్న అర్థం అంటగట్టకండి.

ఆత్మనింద గురించి డాక్టర్లకు తెలిసి, బయట చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పీటీఎస్‌డీ అంటే ప్రాణాపాయం లాంటి ఘటన తర్వాత మనసుకు వచ్చే జబ్బు. మానసిక జబ్బుల లక్షణాలు చెప్పే పుస్తకం, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్ఎం-5లో ఈ జబ్బు లక్షణాల్లో, జరిగినదానికి అతిగా తనను తాను నిందించుకోవడం కూడా ఉంది. పీడకలలు, ఆ రోడ్డు తప్పించుకోవడం, హారన్‌కు ఉలిక్కిపడడం ఎలా లక్షణాలో ఇదీ అలాగే. జ్వరం వచ్చినప్పుడు ఒళ్లు కాలితే అది మన గుణం అనుకోం కదా. "నేను చెడ్డదాన్ని, అందుకే ఇలా అనిపిస్తోంది" అని మీరు అనుకుంటున్నదాంట్లో చాలా భాగం ఈ జబ్బు పలికిస్తున్న మాటే. మీకు పీటీఎస్‌డీ ఉందని రాతలో చూసి తేల్చను. కానీ నెల దాటి ఎనిమిది నెలలైనా ఇవన్నీ ఉన్నాయంటే మనిషిని కలిసి పరీక్ష చేయించుకోవాలి, తప్పదు.

మరి తన మీద తాను చూపించుకునే ఈ దయ, ఇంగ్లిష్‌లో సెల్ఫ్ కంపాషన్, అంటే ఏమిటి? క్రిస్టిన్ నెఫ్ 2003లో దాన్ని మూడు భాగాలుగా వివరించింది. బాధలో ఉన్నప్పుడు తనను తాను తిట్టుకోకుండా మెత్తగా ఉండడం. ఈ బాధ నా ఒక్కదానికే కాదు, మనుషులందరికీ వచ్చేదేనని గుర్తుంచుకోవడం. బాధను అణచిపెట్టకుండా, అలాగని అందులో కొట్టుకుపోకుండా, ఉన్నది ఉన్నట్టు చూడడం. ఇందులో "నేను నిర్దోషిని" అనే మాట ఎక్కడా లేదు, చూడండి. తనను క్షమించుకోవడం కూడా ఇందులో షరతు కాదు. అది తర్వాత ఎప్పుడో రావచ్చు, రాకపోవచ్చు.

దయగా ఉంటే బాధ్యత వదిలేస్తామేమోనని మీ భయం. అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో దీన్నే పరీక్షించారు. పరీక్షలో తప్పినవాళ్లలో, తమ మీద తాము దయగా ఉండమని ఎవరికి చెప్పారో వాళ్లు తర్వాతి పరీక్షకు ఎక్కువసేపు చదివారు. చేసిన తప్పును దిద్దుకోవాలన్న కోరిక కూడా దయగా ఉన్నవాళ్లలోనే ఎక్కువ కనిపించింది. మీ దుఃఖం ముందు పరీక్ష ఎంత చిన్నదో నాకు తెలుసు. కానీ భయపడ్డ దిశలో మాత్రం ఫలితం రాలేదు. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల నుంచి తిరిగొచ్చిన సైనికుల మీద 2015లో వచ్చిన అధ్యయనంలో, తమ మీద తాము దయగా ఉన్నవాళ్లకు ఏడాది తర్వాత పీటీఎస్‌డీ లక్షణాలు తక్కువగా కనిపించాయి. దీన్నిబట్టి దయే వాళ్లను బాగుచేసిందని తేల్చేయలేం. అయినా నా పనిలో నేను చూస్తున్నది కూడా దీనికి దగ్గరగానే ఉంది.

ఇక మర్చిపోతానేమో అన్న ప్రశ్న. మీరు అడిగినవాటిలో ఇదే ముఖ్యమైనదని నాకు అనిపించింది. ఇప్పుడు తమ్ముడు మీకు ఎలా గుర్తొస్తున్నాడు? ఆ రోడ్డు మీద ఉన్నట్టే కదా. పుట్టినప్పటి నుంచి వాడి అల్లరి, గొంతు, మీతో గొడవలు, మీ దగ్గర డబ్బులు అడిగిన తీరు, ఇవన్నీ గుర్తు చేసుకోబోతే మధ్యలోనే ఆ టిప్పర్ వచ్చేస్తోంది. వెంటనే మీరు ఆలోచన ఆపేస్తున్నారు. దుఃఖం వేరు, ట్రామా, అంటే భయంకరమైన ఘటన మనసుకు చేసిన గాయం, వేరు. మీకు రెండూ ఒకేసారి వచ్చాయి, ట్రామా దుఃఖానికి అడ్డం పడి కూర్చుంది. తనను తాను శిక్షించుకునే మనిషి ఆ చివరి నిమిషం దగ్గరే కాపలా ఉంటుంది. అక్కడి నుంచి కొంచెం కదిలితేనే మిగతా తమ్ముడు మీకు దొరుకుతాడు. నా దగ్గరకు వచ్చినవాళ్లు కోలుకుంటున్నారని నాకు తెలిసేది వాళ్లు ఏడవడం ఆపినప్పుడు కాదు. పోయినవాళ్లు చేసిన ఏదో చిన్న చిలిపి పని చెప్పి, చెప్తూ ఏడ్చినప్పుడు.

ఎలా మొదలుపెట్టాలి? మాటలతో మొదలుపెట్టకండి. అద్దం ముందు నిలబడి మంచి మాటలు చెప్పుకోమనే సలహాలు వీడియోల్లో చాలా ఉంటాయి. మీకు ఇప్పుడు అవి పనికిరావు, అబద్ధంలా తగులుతాయి. శరీరంతో మొదలుపెట్టండి. ఒకాయన గురించి గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెప్తాను. పెద్దాయన, జీవితమంతా డ్రైవర్. ఆయన నడుపుతున్న బండి కింద ఒకరు పోయారు. తన గురించి ఒక్క మంచి మాట నోటి నుంచి రాలేదు. మోకాళ్లు నొప్పులున్నా డాక్టర్‌కు చూపించుకోలేదు, "నాకు ఇదే సరి" అనేవాడు. మేము పెట్టుకున్న పని ఒక్కటే, రాత్రి పడుకునేముందు మోకాళ్లకు నూనె రాసుకోవడం. ఏమీ అనుకోనక్కర్లేదు, క్షమించుకోనక్కర్లేదు, రాసుకుంటే చాలు. కొన్ని వారాలు అది కూడా మానేశాడు, మళ్లీ మొదలుపెట్టాడు. మాటలు చాలా తర్వాత వచ్చాయి.

మీకు అలాంటి పని ఏదో మీరే చూసుకోండి. వేళకు అన్నం. తలంటు. దెబ్బ తగిలిన చోట ఇంకా నొప్పి ఉంటే ఫిజియోథెరపీ. బిర్యానీ మానేయడాన్ని మాత్రం నేను తొందరపెట్టి మార్చను. పోయినవాళ్లకు ఇష్టమైనది వదిలేయడం మనలో ఉన్నదే, అందులో ప్రేమ ఉంది. కాకపోతే ఒకటి గమనించండి. బిర్యానీ వాసన వచ్చినప్పుడు వాడు గుర్తొచ్చి వదిలేస్తున్నారా, లేక "నీకెందుకు తినే హక్కు" అని లోపల ఎవరో అంటున్నారా? మొదటిదైతే ఉండనివ్వండి. రెండోదైతే అది వాడి కోసం చేస్తున్నది కాదు.

కళ్లు మూసుకుని ఎక్కువసేపు చేసే ధ్యానాలు ఇప్పుడు వద్దు. ట్రామా ఉన్న చాలామందికి కళ్లు మూయగానే ఆ దృశ్యమే వస్తుంది. పీడకల వచ్చి లేస్తే లైటు వేయండి, పాదాలు నేలకు ఆనించండి, "ఇది వనస్థలిపురం, నా గది, ఇప్పుడు జూన్" అని గొంతు విప్పి చెప్పుకోండి. ఊపిరి తీసుకునే దానికంటే వదిలేది కొంచెం నెమ్మదిగా ఉండనివ్వండి. అలా వదిలితే గుండె వేగం తగ్గుతుంది, ప్రమాదం అయిపోయిందని ఒంటికి తెలుస్తుంది. చేయి గుండె మీద పెట్టుకోవడం కొందరికి హాయిగా ఉంటుంది, కొందరికి చిరాకు. చిరాకైతే ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకోండి. ఏది చేసినా గుండె దడ పెరుగుతుంటే ఆపేయండి, కిటికీలోంచి బయటికి చూడండి. ఆపేయడం కూడా దయే.

మాటల దగ్గరకు వచ్చినప్పుడు పుస్తకాల మాటలు వాడకండి. మీ ఇంట్లో మిమ్మల్ని ముద్దుగా చూసినవాళ్లు ఎవరు? మీ అమ్మమ్మో నాయనమ్మో, మేనత్తో. ఆమె మీ పక్కన కూర్చుంటే ఏమంటుంది? మన పెద్దవాళ్లు "ఐ లవ్ యూ" అనరు. "తిన్నవా బిడ్డా" అంటారు, "ముఖం గిట్ల గుంజుకుపోయింది" అంటారు, "జర ఒరుగు" అంటారు. మీకు ఆ యాసలో, ఆ గొంతులో వినిపించే మాటే పనిచేస్తుంది. ఇంకొంచెం బలం వచ్చాక ఒక ఉత్తరం రాయండి. ఇదే ప్రమాదం మీ చిన్నాన్న కూతురికి జరిగి, ఆమె మీకు ఇదంతా రాసిందనుకోండి, ఆమెకు జవాబు. హెల్మెట్ గురించి ఆమె అడుగుతుంది, దాన్ని తప్పించుకోకుండా రాయండి. "ఆ రోజు నీకు తెలిసినదాంతో ఆ పని చేశావు. తమ్ముడు పోయాడు. రెండూ నిజమే" అన్నంత నిజంగా రాయండి. రాశాక వెంటనే చదవకండి, కొన్నాళ్లు పోయాక చదువుకోండి.

సెల్ఫ్ కంపాషన్ ఒక్కదానితో పీటీఎస్‌డీ పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. చికిత్సను తట్టుకునే బలం దానితో వస్తుంది. చికిత్స మాత్రం వేరే ఉంది. ట్రామా మీద నేరుగా పనిచేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని (ఆలోచనలు, ప్రవర్తన మీద పనిచేసే చికిత్స), ఈఎండీఆర్‌ను (ఘటనను తలుచుకుంటూ కళ్లు అటూ ఇటూ కదిలించే చికిత్స) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో సిఫారసు చేసింది. క్లినికల్ సైకాలజిస్ట్‌ను ఎంచుకునేటప్పుడు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయ్యారా అని అడగండి, ట్రామాకు ఏ పద్ధతి వాడతారో కూడా అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. ఖర్చు ఇబ్బంది అయితే ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. ఎర్రగడ్డ పేరు వింటే మన ఊళ్లో ఇంకా నవ్వుతారు, ఆ నవ్వుల కోసం వైద్యం మానుకోవద్దు. నిద్ర కోసం మెడికల్ షాపులో అడిగి అల్‌ప్రాజోలం లాంటివి వేసుకోకండి, అలవాటు పడిపోతారు. మందు కావాలంటే సైకియాట్రిస్ట్ రాస్తారు. కుదిరితే ఆ పాత కౌన్సెలర్ దగ్గరికే ఒకసారి వెళ్లి "ఆ రోజు ఆ మాటకు నాకు కోపం వచ్చింది" అని చెప్పండి. మంచి కౌన్సెలర్ అయితే అక్కడి నుంచే పని మొదలవుతుంది. నచ్చకపోతే వేరేవాళ్లను చూసుకోండి.

అమ్మ సంగతి. ఆమె మాట్లాడకపోవడం అంతా మీ మీద కోపమేనని ఖాయం చేసుకోకండి. కొంత కోపం ఉండొచ్చు కూడా. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఎనిమిది నెలల్లో మిమ్మల్ని ఓదార్చే స్థితిలో ఉండకపోవచ్చు, "నన్ను క్షమించు" అని ఆమెను ఇప్పుడే అడగకండి. అడిగితే ఆమె ఏం అనలేకపోయినా మీకు అది శిక్షలా వినిపిస్తుంది. పక్కన కూర్చుని కూరగాయలు తరగండి. ఒకరోజు వీలు చూసి, "అమ్మా, నాకు వాడి గురించి మాట్లాడాలనుంది, నీకు ఎప్పుడు మాట్లాడాలనిపిస్తే అప్పుడు చెప్పు" అని ఒక్క మాట అని వదిలేయండి. ఇంట్లో మీ బాధ వినగల మనిషి ఇంకెవరున్నారో చూడండి, నాన్నో, మేనమామో, చిన్నప్పటి ఫ్రెండో. అమ్మ చేయలేని పని ఆమె ఒక్కదాని మీదే పెట్టకండి.

సంవత్సరీకానికి ఇప్పటి నుంచే సిద్ధం అవ్వాలి. ఆ తిథి దగ్గరపడే కొద్దీ పీడకలలు, దడ పెరగొచ్చు. పెరిగితే "మళ్లీ మొదటికొచ్చాను" అనుకోకండి, చాలామందికి అలాగే అవుతుంది. పండగ వాతావరణం, బతుకమ్మ పాటలు, ఊరికి పోయే బళ్ల రద్దీ అన్నీ కలిసి ఇంకొంచెం ఎక్కువ చేస్తాయి. అందుకని చికిత్స దసరాకు ముందే మొదలయ్యేలా చూసుకోండి. బంధువులొస్తారు. ఎవరో ఒకరు "తలరాత" అంటారు, ఎవరో "నువ్వే కదా తీసుకొచ్చింది" అనేస్తారు, ఇంకొకరు "ఇక మర్చిపోయి పెళ్లి చేసుకో" అంటారు. ఆ మాటలకు అక్కడే జవాబు చెప్పాల్సిన పని లేదు. మేనమామకో పెదనాన్నకో ముందే చెప్పి పెట్టండి, అలాంటి మాట వస్తే ఆయన కల్పించుకుని మిమ్మల్ని అక్కడి నుంచి పంపేయాలి. కార్యక్రమం ఊళ్లో అయితే ఆ హైవే మీద వెళ్లాలా, ఎవరితో, ఏ బండిలో అన్నది థెరపిస్ట్‌తో ముందు నెలల్లోనే మాట్లాడండి. వెళ్లలేకపోతే ఇంట్లోనే దీపం పెట్టుకోవచ్చు. వెళ్లడమో మానడమో వాడి మీద మీ ప్రేమకు పరీక్ష కాదు. ఆఫీసులో ఆ రోజుకూ మర్నాటికీ సెలవు ఇప్పుడే పెట్టండి. ఆ రాత్రి మీ గదిలో ఒక్కరే పడుకోకండి, ఎవరు తోడుంటారో అడిగి ఖాయం చేసుకోండి.